విమానాల మెయింటెనెన్స్ లైన్‌లకు రావాలంటే ఏం చేయాలె: నల్గొండ, పాలమూరు పిల్లల కోసం

ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు వాళ్ల పిల్లగాన్ని, ఇంటర్ మెమోను పట్టుకొని మా ఇంటికి వస్తరు. "విమానాల రిపేరు కోర్సు అంట, హైదరాబాద్‌ల సీటు ఇస్తమంటున్నరు, చేర్పియ్యమంటవా వద్దంటవా" అని అడుగుతరు. ఒక్కొక్కరికి గంట గంట చెప్పిన, ఫోన్‌ల చెప్పిన, పెళ్లిళ్లల్ల పక్కకు కూసోబెట్టి చెప్పిన, అయినా మొన్న మా చుట్టాలల్లనే ఒకరు ఎవర్నీ అడగకుండ పోయి పైసలు కట్టి వచ్చిన్రు, అందుకే ఈసారి మొత్తం ఒక్కకాడ రాస్తున్న. మాది దేవరకొండ దగ్గర ఊరు, నాయినకు బత్తాయి తోట, నేను నల్గొండల ఇంటర్ ఎంపీసీ చదివి ఇప్పుడు విమానాలు బాగుచేసే పెద్ద షెడ్డుల, అంటే హ్యాంగర్‌ల లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌గా చేస్తున్న.

ముందు ఈ పని ఏందో సరిగ్గ అర్థం చేసుకోవాలె. విమానం మీద పానాలు పట్టేటోళ్లు చానామంది ఉంటరు, టెక్నీషియన్లు, హెల్పర్లు, షీట్ మెటల్ వాళ్లు, క్లీనింగ్ వాళ్లు. అందరి పనీ ముఖ్యమే. కాని పని అయిపోయినంక "ఈ పని పద్ధతి ప్రకారం అయింది, విమానాన్ని సర్వీసుకు ఇయ్యొచ్చు" అని రాసి సంతకం పెట్టేది లైసెన్స్ ఉన్న ఇంజనీర్ ఒక్కడే. ఆ సంతకాన్ని సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్ అంటరు, మేం సీఆర్ఎస్ అంటం. మా నాయినకు ఇదంతా చెప్తే ఒకటే మాట అడిగిండు, "అంటే నువ్వు దస్కతు పెడితెనే విమానం లేస్తదా?" అని. అంతే, అదే ఈ ఉద్యోగం. నువ్వు చదివే చదువు, రాసే పరీక్షలు, రాత్రిళ్లు చేసే డ్యూటీలు అన్నీ ఆ దస్కతు పెట్టే హక్కు కోసమే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కాలేజీ వాళ్లు ఏం చెప్పినా "మీరిచ్చే కాగితం నన్ను ఆ సంతకం దాక తీస్కపోతదా లేదా" అని అడగొచ్చు, ఆ ప్రశ్నకే సగం బ్రోకర్లు మాట మారుస్తరు.

ఆ లైసెన్స్ ఇచ్చేది ఢిల్లీల ఉండే డీజీసీఏ, అంటే దేశంల విమానాల రూల్స్ చూసే కేంద్ర సర్కారు సంస్థ. యూనివర్సిటీ కాదు, కాలేజీ కాదు, స్కిల్ సెంటర్ కాదు. డీజీసీఏ రూల్ పుస్తకాలల్ల నీకు కావాల్సినవి మూడు, వాటి పేర్లు తెలిసుంటే నిన్ను ఎవరూ మోసం చేయలేరు. కార్-66 అంటే మనిషికి ఇచ్చే లైసెన్స్ గురించి. కార్-147 అంటే ట్రైనింగ్ ఇచ్చే స్కూల్ గురించి. కార్-145 అంటే విమానాలు బాగుచేసే సంస్థ గురించి. నువ్వు 147 స్కూల్‌ల చదువుతవు, 145 సంస్థల పని నేర్చుకుంటవు, 66 కింద లైసెన్స్ తీసుకుంటవు.

చేరాలంటే ఇంటర్‌ల మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతోని పాస్ అయ్యుండాలె, లేకుంటే ఇంజనీరింగ్ బ్రాంచ్‌ల మూడేళ్ల డిప్లొమా, అంటే మనకాడ పాలిటెక్నిక్ అంటరు కదా అది. వనపర్తి ప్యాలెస్‌ల పాలిటెక్నిక్ చేసిన పిల్లలు కూడా ఈ లైన్‌లకు రావొచ్చు, డిప్లొమాల వర్క్‌షాప్ ప్రాక్టీస్ చేసుంటరు కాబట్టి వాళ్ల చెయ్యి ఇంటర్ పిల్లల కన్నా ముందే తిరిగి ఉంటది. బైపీసీ, సీఈసీ పిల్లలకు ఈ కోర్సుల దారి లేదు, "అడ్జస్ట్ చేస్తం" అని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి రావాలె. లైసెన్స్ కోసం 18 ఏళ్లు నిండాలె.

ఇంకోటి, ఫీజు కట్టకముందే కళ్లు చూపించుకో, ముఖ్యంగ రంగులు సరిగ్గ కనిపిస్తున్నయా లేదా అని. ఇది చానామంది ఆఖరికి చూస్తరు, అప్పటికే లక్షలు కట్టి ఉంటరు. మా పనిల రంగు అంటే ఊరికే కాదు. పెద్ద విమానాల హైడ్రాలిక్ నూనె స్కైడ్రాల్ వంకాయ రంగుల ఉంటది, ఇంకో రకం హైడ్రాలిక్ నూనె ఎర్రగుంటది, ఒకదాంట్ల ఒకటి పోస్తే లోపల రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైతయి. కింద నేల మీద ఒక చుక్క పడ్డదంటే దాని రంగు చూసే ఎక్కడి నుంచి కారుతున్నదో సగం చెప్పొచ్చు. స్కైడ్రాల్ చర్మం మీద పడితే మంట, కంట్ల పడితే మిరపకాయ కూడా దాని ముందు పనికిరాదు. నల్గొండ టౌన్‌ల ఏ కంటి డాక్టర్ దగ్గరికన్నా పోయి కలర్ విజన్ టెస్ట్ చేయించుకుంటే అయిపాయె, చిన్న పని.

ఇగ అసలు విషయానికొస్తున్న, స్కూల్ ఎట్ల చూసుకోవాలె అని. ఇక్కడ నేనే దెబ్బతిన్న కాబట్టి వివరంగ రాస్తున్న. నాకు ఇంటర్ అయిపోయిన ఏడాది ఒకాయన మా కాలేజీ గేటు ముందట పాంప్లెట్లు పంచిండు, దాని మీద విమానం బొమ్మ, కింద "గవర్నమెంట్ అప్రూవ్డ్" అని ఇంత లావు అక్షరాలు. నాయిన ఆ ఏడాది కాయలు అమ్మిన పైసలు 80 వేలు అడ్వాన్స్ కట్టిండు. క్లాసులు మొదలైనయి, యూనిఫాం ఇచ్చిన్రు, టై కూడా ఇచ్చిన్రు. ఏడు నెలలైనంక నేను డీజీసీఏ పరీక్షకు ఎట్ల అప్లై చేయాలె సార్ అని అడిగితే "అది తర్వాత చూద్దం" అన్నరు. ఒక సీనియర్ పక్కకు పిలిచి చెప్పిండు, తమ్మీ దీనికి 147 అప్రూవల్ లేదు, ఇది ఉత్త ప్రైవేటు డిప్లొమా, దీంతోని లైసెన్స్ రాదు అని. ఆ రోజు బస్సుల మాల్ ఊరు దాక ఏడ్చుకుంట వచ్చిన, ఇంటికి పోయి నాయినకు చెప్పనీకి రెండు రోజులు పట్టింది. పైసలు తిరిగి రాలే. ఒక సంవత్సరం పాయె. అందుకే చెప్తున్న, డీజీసీఏ వెబ్‌సైట్‌ల కార్-147 కింద అప్రూవల్ ఉన్న స్కూళ్ల లిస్టు ఉంటది, అది తెరిచి నీ స్కూల్ పేరు నీ కళ్లతోని చూడు. పేరు ఒక్కటి చూస్తే సరిపోదు. అడ్రస్ కూడా అదేనా చూడు, ఎందుకంటే అప్రూవల్ ఒక ఊర్ల ఉన్న క్యాంపస్‌కు ఉంటది, క్లాసులు ఇంకో ఊర్ల నడిపిస్తరు. ఏ క్యాటగిరీకి అప్రూవల్ ఉన్నదో చూడు, బీ1.1కు ఉంటే బీ2కు ఉండాలని లేదు (ఇవి లైసెన్స్ రకాలు, కింద చెప్త). ఏ తారీఖు దాక చెల్లుతదో చూడు. అప్రూవల్ లెటర్ కాపీ అడుగు, ఇయ్యకపోతే అక్కడ చేరకు, అంత సాదా లెక్క.

ఎంట్రన్స్ గురించి కూడా అడుగుతరు. ఈ కోర్సుకు డీజీసీఏ ఎంట్రన్స్ పరీక్ష ఏం పెట్టదు. ప్రైవేటు వాళ్లు పెట్టే పరీక్షలున్నయి, వాటిల ర్యాంకు వస్తే ఫీజు తగ్గిస్తమంటరు, అది వాళ్ల వాళ్ల వ్యవహారం. ఆ ర్యాంకు కార్డు చూసి గవర్నమెంట్ సీటు వచ్చిందనుకొని ఊర్ల స్వీట్లు పంచినోళ్లను చూసిన, మనసుకు కష్టమనిపించింది.

స్కూల్ చూడనీకి పోయినప్పుడు బిల్డింగ్ చూడకు, షెడ్డు చూడు. లోపల విమానం ఉందా, ఉంటే దాని ఇంజన్ స్టార్ట్ అయితదా, పిల్లలు దాని మీద చెయ్యి పెడుతున్నరా లేక దుమ్ము పట్టి ఫోటోల కోసం నిలబెట్టిన్రా. పానాల బోర్డు చూడు, ప్రతి పానాకు దాని ఆకారం గీసి ఉంటది, షాడో బోర్డు అంటరు, అందుల సగం ఖాళీగ ఉంటే ఆ స్కూల్‌ల ప్రాక్టికల్స్ ఎట్ల నడుస్తున్నయో తెలిసిపోతది. ఆ తర్వాత, అసలు విమానాల మీద ప్రాక్టికల్ ఏ హ్యాంగర్‌ల చేపిస్తరు, ఆ సంస్థతోని రాతపూర్వకంగ ఒప్పందం ఉందా, దానికి మళ్లా వేరే పైసలు కట్టాల్నా అని అడుగు. కోర్సు ఫీజు, డీజీసీఏ పరీక్ష ఫీజులు, హాస్టల్, హ్యాంగర్ ట్రైనింగ్, అన్నీ విడివిడిగ ఒక కాగితం మీద రాయించుకో. కోర్సు అయిపోయినంక లైసెన్స్ వచ్చిన సీనియర్లు ఇద్దరి నంబర్లు అడుగు, ప్లేస్‌మెంట్ ఫోటోలు కాదు, లైసెన్స్ వచ్చినోళ్లు. వాళ్లతోని పావుగంట మాట్లాడితే వచ్చే సమాచారం ఏ కౌన్సెలర్ దగ్గర రాదు.

క్యాటగిరీల విషయం. బీ1 అంటే మెకానికల్ సైడు, ఇంజన్, బాడీ, ల్యాండింగ్ గేర్, హైడ్రాలిక్స్, వాటితోపాటు కరెంటు సిస్టంలు కూడా. అందుల బీ1.1 అంటే టర్బైన్ ఇంజన్ విమానాలు, అంటే మనం ఎక్కే ఎయిర్‌బస్, బోయింగ్, ఏటీఆర్ అన్నీ ఇందులకే వస్తయి. బీ1.2 పిస్టన్ ఇంజన్ చిన్న విమానాలు, బీ1.3, బీ1.4 హెలికాప్టర్లు. బీ2 అంటే ఏవియానిక్స్, రేడియో, నావిగేషన్, ఆటోపైలట్, కంప్యూటర్లు. 'ఏ' (A) క్యాటగిరీ అంటే లైన్ మీద, అంటే విమానం మళ్లా లేచే ముందు నిలబడ్డకాడ, చిన్న చిన్న పనులకు సర్టిఫై చేసే మెకానిక్. సీ అంటే పెద్ద చెక్ మొత్తం అయినంక విమానాన్ని హ్యాంగర్ నుంచి రిలీజ్ చేసేది, అది అనుభవం మీద తర్వాత వస్తది. మనోళ్లు ఎక్కువగ బీ1.1 తీసుకుంటరు. ట్రాక్టర్ గేర్ బాక్సు విప్పుతుంటే పక్కన కూసోని చూసినోడు, మిర్యాలగూడ రైస్ మిల్లుల బేరింగులు మార్చినోళ్ల ఇంట్ల పుట్టినోడు బీ1.1ల బాగ కుదురుకుంటడు. చిన్నప్పటి నుంచి రేడియో, ఫోన్లు విప్పి సర్క్యూట్లు చూసే అలవాటున్నోళ్లకు బీ2 మంచిది, ఎలక్ట్రానిక్స్ అంటే భయం లేకపోతే బీ2ల పోటీ కూడా కొంచెం తక్కువ అని నా అభిప్రాయం.

బీ1.1, బీ2 కోర్సు 2400 గంటలు, మామూలుగ రెండేళ్లు పడతది, మధ్యల హ్యాంగర్ ప్రాక్టికల్ కూడా ఉంటది. ఇక్కడ చానామంది కన్ఫ్యూజ్ అయ్యే సంగతి ఒకటుంది. స్కూల్ పెట్టే పరీక్షలు వేరు, డీజీసీఏ పెట్టే మాడ్యూల్ పరీక్షలు వేరు. స్కూల్ పరీక్షలు పాస్ అయితే కోర్సు పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ వస్తది, అది లైసెన్స్ కాదు. డీజీసీఏ మాడ్యూల్స్ అన్నీ పాస్ కావాలె, దానికి తోడు అసలు విమానాల మీద పనిచేసిన అనుభవం చూపియ్యాలె, అప్పుడే లైసెన్స్. నేను రెండేళ్లు చదివి, ఆ తర్వాత రెండేళ్లు హ్యాంగర్‌ల చేసి, మధ్యల రెండు మాడ్యూల్స్ పోయి మళ్లా రాసి, మొత్తం ఐదో ఏట లైసెన్స్ పట్టుకున్న. ఎవరన్నా "రెండేళ్లల్ల నెలకు లక్ష జీతం" అంటే నమ్మకండి.

మాడ్యూల్స్ అంటే సబ్జెక్టులే. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, డిజిటల్ టెక్నిక్స్, మెటీరియల్స్ అండ్ హార్డ్‌వేర్, మెయింటెనెన్స్ ప్రాక్టీసెస్, ఏరోడైనమిక్స్, హ్యూమన్ ఫ్యాక్టర్స్, ఏవియేషన్ రూల్స్, ఇవి బీ1కైనా బీ2కైనా ఉంటయి. బీ1.1 వాళ్లకు వీటి మీద విమానం బాడీ, సిస్టంలు చెప్పే 11వ మాడ్యూల్, గ్యాస్ టర్బైన్ ఇంజన్ చెప్పే 15, ప్రొపెల్లర్ చెప్పే 17 ఉంటయి. బీ2 వాళ్లకు 13, 14. పరీక్షల ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు సగటున 75 సెకన్లు, నెగెటివ్ మార్కులు లేవు, కాని పాస్ కావాలంటే 75 శాతం రావాలె. 35కు పాసయ్యే అలవాటున్న మనకు 75 అంటే మొదట్ల గుండె జారుతది. 74 వచ్చినా ఫెయిలే, నాకు 15వ మాడ్యూల్‌ల మొదటిసారి అట్లనే పోయింది.

చదివే పద్ధతి గురించి రెండు ముక్కలు. పాత ప్రశ్నల బ్యాంకులు తిప్పుతుంటరు, బట్టీ కొట్టి కొందరు పాసైతరు కూడా, కాని ఆ తర్వాత హ్యాంగర్‌ల ఇంజనీర్ "బ్లీడ్ ఎయిర్ (ఇంజన్ నుంచి తీసి వాడే గాలి) ఎక్కడి నుంచి తీస్తరు" అని అడిగితే నోరు తెరుస్తరు. ముందు సిస్టం బొమ్మ నువ్వే తెల్ల కాగితం మీద గియ్యి, పంపు నుంచి మొదలుపెట్టి చివరికి ఆ ప్రెజర్ తోని భాగాన్ని కదిలించే యాక్చుయేటర్ దాక బాణాలు పెట్టుకుంట పో, బోరు మోటారు నుంచి డ్రిప్ పైపుల దాక నీళ్లు ఎట్ల పోతయో మన పిల్లలకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు కదా, హైడ్రాలిక్స్ కూడా అదే తెలివి, ఫిల్టరు, వాల్వు, ప్రెజర్ గేజ్ అన్నీ అక్కడ కూడా ఉంటయి. కాకపోతే పెద్ద విమానంల ప్రెజర్ మామూలుగ 3000 పీఎస్ఐ. బొమ్మ వచ్చినంక ప్రశ్నలు చెయ్యి. ముందు తేలికవి రాసి నమ్మకం తెచ్చుకో, 11ను, 15ను మాత్రం ఒకే సెషన్‌ల పెట్టుకోకు.

తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీష్ గురించి భయపడుతరు, నేను కూడా పదో తరగతి దాక తెలుగు మీడియమే. ఒక మంచి సంగతి చెప్త. విమానాల మాన్యువల్స్‌ల వాడే ఇంగ్లీష్ కావాలని సులువుగ రాస్తరు, దానికి సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అని ఒక స్టాండర్డ్ ఉన్నది, టెక్నికల్ పేర్లు పక్కన పెడితే సుమారు 900 పదాలే వాడాలె, ఒక్కో మాటకు ఒక్కటే అర్థం, వాక్యాలు పొట్టిగ ఉండాలె. ఎందుకంటే మాన్యువల్ చదివేటోళ్లల్ల ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినోళ్లు తక్కువ. రోజుకు ఒక పేజీ గట్టిగ చదివి, దాన్ని నీ మాటల్ల తెలుగుల చెప్పుకో, ఆరు నెలల్ల అలవాటైతది. షేక్స్‌పియర్ రానవసరం లేదు, కాని మాన్యువల్‌ల "చేయాలె" అని ఉందా "చేయొచ్చు" అని ఉందా అనేది మాత్రం ఒక్కసారి కూడా తప్పొద్దు. దాంతోపాటు ఏటీఏ చాప్టర్ నంబర్లు, అంటే మాన్యువల్స్ అన్నిట్ల ఒక్కో సిస్టంకు ఇచ్చిన నంబర్లు, నోటికి పట్టియ్యి, 24 కరెంటు, 27 ఫ్లైట్ కంట్రోల్స్, 28 ఫ్యూయల్, 29 హైడ్రాలిక్స్, 32 ల్యాండింగ్ గేర్, 49 ఏపీయూ అంటే తోకల ఉండే చిన్న సహాయ ఇంజన్, 72 ఇంజన్. హ్యాంగర్‌ల అందరూ ఈ నంబర్లతోనే మాట్లాడుకుంటరు.

చేతి పని గురించి ఒకటి దగ్గర నుంచి చూపిస్త, లాక్‌వైర్. బోల్టు బిగిచ్చినంక ఇంజన్ వణుకుడుకు అది వదులు కాకుండ, బోల్టు తలల ఉన్న సన్న రంధ్రం నుంచి స్టీలు తీగ పెట్టి పక్క బోల్టుకు కడుతం. ఎక్కువగ వాడే తీగ 0.032 అంగుళాల మందం, అంటే మిల్లీమీటరు కన్నా తక్కువ. మొదటి బోల్టు రంధ్రంల నుంచి తీగ తీసి, రెండు కొసలూ కలిపి ప్లయర్‌తోని మెలిపెట్టాలె, అంగుళానికి 6 నుంచి 8 మెలికలు రావాలె, తక్కువైతే వదులు, ఎక్కువైతే తీగ బిరుసెక్కి తెగుతది. రెండో బోల్టు దాక వచ్చినంక తీగ ఏ దిక్కు నుంచి చుట్టుకుంటున్నదో చూడాలె, బోల్టు వదులు కావాలని తిరిగితే తీగ దాన్ని బిగుతు దిక్కుకే గుంజాలె. ఇదే ప్రాణం, ఇది తిరగబడితే ఎంత అందంగ కట్టినా పనికిరాదు. ఆఖరికి కొసను లోపలికి వంచాలె, లేకుంటే తర్వాత వచ్చినోని చెయ్యి కోసుకుంటది. ఒకసారి విప్పిన తీగ మళ్లా వాడొద్దు. నేను మొదటి నెల రాత్రిళ్లు హాస్టల్‌ల వైస్‌కు రెండు బోల్టులు బిగిచ్చుకొని కట్టుడు, విప్పుడు, కట్టుడు, ఇదే పని, వేళ్లు పుండ్లయినయి, కాని ఒక రోజు సార్ వచ్చి నా తీగ మీద వేలుతోని రాసి ఏం మాట్లాడకుండ పక్కోని దగ్గరికి పోయిండు, అంటే బాగున్నట్టు. నువ్వు కూడా హార్డ్‌వేర్ షాపుల రెండు బోల్టులు కొని తలలకు రంధ్రాలు పెట్టించుకొని ఇంట్ల ప్రాక్టీస్ చెయ్యి, ఖర్చు చాయ్ పైసలంత.

హ్యూమన్ ఫ్యాక్టర్స్ మాడ్యూల్‌ను పిల్లలు థియరీ అని చిన్న చూపు చూస్తరు, పనిల మనుషులు ఎందుకు తప్పులు చేస్తరో చెప్పే సబ్జెక్టు అది, నాకు అది అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తది. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం బర్మింగ్‌హామ్ నుంచి లేచి పైకి పోయినంక కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది, కెప్టెన్ సగం బయటికి గుంజుకపోయిండు, లోపల ఉన్నోళ్లు కాళ్లు పట్టుకొని ఆపిన్రు, కో-పైలట్ సౌతాంప్టన్‌ల దించిండు, కెప్టెన్ బతికిండు. కారణం ఏందంటే 27 గంటల ముందు ఆ అద్దం మార్చినప్పుడు 90 బోల్టులల్ల 84 కొంచెం సన్నవి పడ్డయి, తేడా 0.026 అంగుళాలు మాత్రమే. మాన్యువల్‌ల పార్ట్ నంబరు చూడకుండ పాత బోల్టును పక్కన పెట్టి కంటితోని కొత్తది పోల్చి తెచ్చిన్రు. చేసింది కొత్తోడు కాదు, మంచి అనుభవం ఉన్నాయనే, రాత్రి షిఫ్ట్‌ల, పొద్దుగాల వరకు పని అయిపోవాలనే తొందరల. నేను ఇప్పటికీ ప్రతి బోల్టుకు పార్ట్ నంబరు పుస్తకంల చూసినంకనే పెడుత, పక్కోడు "అన్నా అదే బోల్టు, పెట్టేయ్" అన్నా సరే.

నా వల్ల కూడా ఒక రాత్రి తిప్పలైంది. ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు పని అయిపోయినంక పానాలు లెక్కపెడితే 10 ఎంఎం సాకెట్ ఒకటి తక్కువొచ్చింది. రాత్రి మూడు గంటలు. మా ఇంజనీర్ ఒక్క తిట్టు తిట్టలే, ప్యానెల్స్ అన్నీ మళ్లా తెరిపిచ్చిండు, టార్చి, చిన్న అద్దం పట్టుకొని ఐదుగురం రెండు గంటలు వెతికినం. ఆఖరికి తుడిచే గుడ్డల మడతల దొరికింది. అది దొరకనిదాక ఆ విమానం కదలదు, ఎవరు ఫోన్ చేసినా కదలదు. పోయిందని దాచిపెట్టకుండ వెంటనే చెప్పినందుకు ఆయన నా భుజం తట్టిండు, ఆ పద్ధతి మాత్రం స్కూల్‌ల ఎవరూ నేర్పలే.

లైసెన్స్ దాక ఇంకా ఏముంది అంటే, 147 కోర్సు చేసినోళ్లకు ఎగిరే విమానాల మీద రెండేళ్ల అనుభవం అడుగుతరు, కోర్సు లేకుండ వచ్చినోళ్లకు ఇంకా చాన ఎక్కువ. ఈ అనుభవం లాగ్‌బుక్‌ల రాయాలె, ఏ తారీఖు, ఏ విమానం, ఏ పని, ఎవరి కింద చేసినవ్ అని, ఇంజనీర్ సంతకంతోని. అన్నీ టైర్లు మార్చుడే రాస్తే ఒప్పుకోరు, రకరకాల పనులుండాలె. పరీక్షలకు డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబర్, అంటే పరీక్ష రాసేటోళ్లకు ఇచ్చే ఐడీ నంబర్, తీసుకొని పరీక్ష పోర్టల్‌ల అప్లై చేయాలె. ఆధార్‌ల, పదో తరగతి మెమోల పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేపిచ్చుకో, మనకాడ ఇంటిపేరు ఒకదాంట్ల ముందు ఒకదాంట్ల వెనక ఉంటది, దాంతోని మా బ్యాచ్‌ల ముగ్గురు తిరిగి తిరిగి అలసిపోయిన్రు. లైసెన్స్ ఐదేళ్లు చెల్లుతది, తర్వాత రెన్యూ చేసుకోవాలె, అంతేకాదు గత రెండేళ్లల్ల కనీసం ఆరు నెలలు పని చేసుంటేనే సంతకం పెట్టే హక్కు ఉంటది.

ఉత్త లైసెన్స్‌తోని కూడా ఎయిర్‌బస్ ఏ320 మీద సంతకం పెట్టలేవు. దానికి టైప్ రేటింగ్ కావాలె, అంటే ఆ మోడల్ విమానం, ఆ ఇంజన్ మీద ప్రత్యేకంగ కోర్సు, థియరీ, ప్రాక్టికల్, మొదటి టైప్ అయితే దాని మీద ఆన్ ది జాబ్ ట్రైనింగ్ కూడా. అది లైసెన్స్ మీద ఎక్కాలె, ఆ తర్వాత కంపెనీ నీకు ఆథరైజేషన్, అంటే తమ తరఫున సంతకం పెట్టే అనుమతి, ఇయ్యాలె. టైప్ కోర్సు సొంత పైసలతోని చేస్తే మళ్లా లక్షలు. నా మాటైతే ముందు టెక్నీషియన్‌గ చేరు, కంపెనీ పంపిస్తే బాండ్ రాసి టైప్ చెయ్యి, అప్పు చేసి సొంతంగ చేయకు. బాండ్ ఎన్నేళ్లు, మధ్యల పోతే ఎంత కట్టాలె అనేది మాత్రం సంతకం ముందు చదువు.

మన దిక్కున్నోళ్లకు ఒక అదృష్టం ఏందంటే పని దగ్గర్లనే ఉన్నది. పాలమూరు నుంచి హైదరాబాద్ బస్సెక్కితే శంషాబాద్ దారిల్నే, అక్కడ జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లు, ఎయిర్ ఇండియా ఇంజనీరింగ్ సర్వీసెస్ హ్యాంగర్ ఉన్నయి, లీప్ ఇంజన్లు ఓవర్‌హాల్ చేసే, అంటే మొత్తం విప్పి బాగుచేసే, సఫ్రాన్ షాపు 2025 నవంబర్‌ల ప్రారంభోత్సవం అయింది, ఏ320 నియో, 737 మ్యాక్స్ విమానాలకు ఆ ఇంజన్లు వస్తయి. మన సాగర్ రోడ్డు మీద నుంచి ఆదిభట్ల పోతే టాటా వాళ్ల ఫ్యాక్టరీలల్ల అపాచీ హెలికాప్టర్ బాడీలు, సీ-130జే తోక భాగాలు తయారైతయి. ఐటీఐ ఫిట్టర్, మెషినిస్ట్, షీట్ మెటల్ చేసినోళ్లు లైసెన్స్ లేకపోయినా ఇట్ల తయారీ వైపు పోవొచ్చు, రివెట్ కొట్టే చెయ్యికి అక్కడ విలువ ఉంటది, ఐటీఐ పిల్లలు తమను తాము తక్కువ చేసుకోవద్దు. ఇంట్ల పైసలు అసలే లేకుంటే ఎయిర్ ఫోర్స్‌ల అగ్నివీర్ వాయు కూడా చూడండి. బీటెక్ ఏరోనాటికల్ వేరే చదువు, అది డిజైన్ వైపు, దాంతోని నేరుగ ఈ లైసెన్స్ రాదు, ఆ తేడా తెలియక నాలుగేళ్లు చదివినోళ్లు మా హ్యాంగర్‌ల ఉన్నరు. గల్ఫ్ ఆలోచన ఉన్నోళ్లకు ఒక మాట, డీజీసీఏ లైసెన్స్ అక్కడ నేరుగ చెల్లదు, అక్కడి అథారిటీ లైసెన్స్ గాని యూరప్ వాళ్ల ఈఏఎస్ఏ లైసెన్స్ గాని అడుగుతరు, ముందు ఇక్కడ టైప్ మీద అనుభవం సంపాదించినంక ఆ దారి చూడాలె.

ఆడపిల్లల్ని పంపొచ్చా అని అవ్వలు అడుగుతరు. మా షిఫ్ట్‌ల జడ్చర్ల దిక్కు చెల్లె ఒకామె ఉన్నది, ఇంజన్ బోరోస్కోప్ చేస్తది, అంటే సన్న కెమెరా లోపలికి పంపి బ్లేడ్ల మీద గీతలు, పగుళ్లు చూసుడు. గంటలు గంటలు కన్ను ఆర్పకుండ చూడాలె, ఆమె అంత ఓపికగ చూసేటోళ్లు మా దగ్గర తక్కువ. కష్టం అందరికీ ఒక్కటే, నైట్ షిఫ్ట్ ఉంటది, మే నెలల ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలబడే జాగల, కాంక్రీట్ సెగ మన పత్తి చేన్ల ఎండ కన్నా ఎక్కువ, చెవులకు మఫ్స్ పెట్టుకోకపోతే వినికిడి పోతది, పండగలకు సెలవు దొరకదు. మీ బిడ్డకు ఇష్టముంటే పంపండి, భయంతోని ఆపకండి.

ఇప్పుడు చేరబోయేటోళ్లు చేయాల్సిన పని వరుసగ చెప్త. మొదలు కళ్ల టెస్ట్. తర్వాత డీజీసీఏ లిస్టుల స్కూల్ పేరు, అడ్రస్, క్యాటగిరీ, తారీఖు. తర్వాత స్కూల్‌కు పోయి షెడ్డు చూసుడు, ఇద్దరు సీనియర్లతోని మాట. తర్వాత ఫీజుల కాగితం పట్టుకొని బ్యాంకుకు పో, ఎడ్యుకేషన్ లోన్ ఇస్తరా, ఆ స్కూల్‌కు ఇంతకుముందు ఇచ్చిన్రా అని అడుగు, బ్యాంకు మేనేజర్ ఆ స్కూల్ అప్రూవల్ కాగితం అడుగుతడు, అది కూడా నీకు ఇంకో చెకింగ్ అయినట్టే. భూమి అమ్మే మాట ఇవన్నీ అయినంక కూడా ఎత్తకండి, ఒక్కసారే మొత్తం ఫీజు కట్టకండి, సెమిస్టర్ లెక్కన కట్టి ప్రతిదానికి రసీదు తీసుకోండి. చేరినంక మొదటి రోజు నుంచే లాగ్‌బుక్ సంగతి పట్టించుకో, ఏ రోజు పని ఆ రోజే రాసి ఆ షిఫ్ట్ ఇంజనీర్ తోని సంతకం పెట్టిచ్చుకొని ఫోన్‌ల ఫోటో తీసి పెట్టుకో, నెల తర్వాత పెట్టిచ్చుకుందం అనుకుంటే ఆయన అప్పటికి ఇంకో కంపెనీకో దోహాకో పోయి ఉంటడు, నీ నెల పని కాగితం మీద లేకుండ పోతది.